ఇంగ్లండ్‌లో చంటిపిల్లలు, నర్సరీలు, కౌన్సిల్: కొత్తగా వచ్చినవాళ్ళ సందేహాలకి

పోయిన వారం ఒక తమ్ముడు అడిగాడు. "అక్కా, మేం వచ్చి నాలుగు నెలలైంది. పాపకి రెండేళ్ళు, మా ఆవిడకి ఉద్యోగం వచ్చింది. పక్క వీధిలో మన తెలుగావిడే ఒకరు ఇంట్లో పిల్లల్ని చూసుకుంటారు, నర్సరీకయ్యే డబ్బులో సగమే, పైగా పప్పన్నం పెడతారు. పంపించమంటారా? ఇంకొకటి, ఇక్కడ పిల్ల ఒంటి మీద చిన్న దెబ్బ కనబడినా కౌన్సిల్ వాళ్ళు వచ్చి తీసుకెళ్ళిపోతారంట, నిజమేనా?"

చూడ్డానికి రెండూ వేరు వేరు ప్రశ్నలు. కానీ రెండిటి వెనకా ఉన్నది ఒకటే కౌన్సిల్. మన ఊళ్ళో మున్సిపాలిటీ అంటే చెత్త, కుళాయి, ఇంటి పన్ను. అంగన్‌వాడీ వేరే శాఖ కింద ఉంటుంది, కౌన్సిలర్‌కి దానితో పెద్దగా పని ఉండదు. ఇక్కడ అలా కాదు. మీ పాపకి నర్సరీలో సీటు దొరికేలా చూడాల్సింది, మూడేళ్ళు నిండాక ఆ నర్సరీకి డబ్బు కట్టేది, నర్సరీలో ఎవరైనా పిల్లని సరిగ్గా చూడకపోతే విచారించేది, ఇంట్లో పిల్లకి ప్రమాదం ఉందంటే వచ్చి చూసేది అన్నీ కౌన్సిలే. 13 ఏళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను, ఇద్దరు పిల్లల్ని ఇక్కడే పెంచాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. నేను చెప్పేదంతా ఇంగ్లండ్ సంగతి, వేల్స్, స్కాట్లండ్‌లలో కొన్ని నియమాలు వేరు. ఇంకో మాట, కొన్ని చోట్ల చెత్త తీసుకెళ్ళేది డిస్ట్రిక్ట్ కౌన్సిల్, పిల్లల పనులు చూసేది కౌంటీ కౌన్సిల్. మీ పోస్ట్‌కోడ్ కొట్టి ముందు అది తెలుసుకోండి, లేకపోతే ఫోన్లు చేసి చేసి విసుగొస్తుంది.

ముందు ఆ తెలుగావిడ సంగతి. ఎనిమిదేళ్ళలోపు పిల్లల్ని తన ఇంట్లో రోజుకి రెండు గంటలకి మించి, డబ్బు తీసుకుని చూసుకునేవాళ్ళు ఎవరైనా సరే స్కూళ్ళనీ నర్సరీల్నీ తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ ఆఫ్‌స్టెడ్‌లో గానీ, చైల్డ్‌మైండర్ (ఇలా ఇంట్లో పిల్లల్ని చూసుకునేవాళ్ళు) ఏజెన్సీలో గానీ పేరు నమోదు చేసుకోవాలి. లేకపోతే అది నేరం. స్నేహితురాలు డబ్బు తీసుకోకుండా చూసిపెడితే తప్పు లేదు, అమ్మమ్మో నానమ్మో వచ్చి చూసుకున్నా ఏ ఇబ్బందీ లేదు. నలుగురు పిల్లల్ని పెట్టుకుని తలా ఇంత తీసుకుంటే మాత్రం నమోదు తప్పదు. ఇది కాగితం గొడవ అనుకోకండి. నమోదైన చైల్డ్‌మైండర్‌కి పిల్లల ప్రథమ చికిత్సలో శిక్షణ ఉంటుంది, ఇన్సూరెన్స్ ఉంటుంది, ఇంట్లో ఉండే పెద్దవాళ్ళందరికీ పోలీసు రికార్డు తనిఖీ జరుగుతుంది. గొంతులో ద్రాక్షపండు ఇరుక్కుంటే ఏం చేయాలో తెలిసిన మనిషి చేతిలో పాప ఉండటం వేరు, తెలియని మనిషి చేతిలో ఉండటం వేరు. ఆవిడ ఎంత మంచిదైనా సరే.

డబ్బు గురించి చెప్తాను, ఎందుకంటే అసలు అందరూ అటువైపు వెళ్ళేది డబ్బు కోసమే. చిన్నపిల్లల్ని పూర్తి రోజులు పంపితే నెలకి వెయ్యి పౌండ్లు దాటడం ఇక్కడ మామూలు. 2025 సెప్టెంబర్ నుంచి ఉద్యోగం చేసే తల్లిదండ్రులకి పిల్లకి 9 నెలలు నిండిన తర్వాతి టర్మ్ నుంచి వారానికి 30 గంటల నర్సరీ ఉచితంగా ఇస్తున్నారు, దాన్ని చూసి ఆఫీసులో ఇంగ్లీషు వాళ్ళు "నీకూ వస్తుందిగా" అంటారు. మనలో చాలామందికి రాదు. భార్యాభర్తల్లో కనీసం ఒకరికైనా పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ ఆర్థిక సాయాలు) తీసుకునే హక్కు ఉండాలి. స్కిల్డ్ వర్కర్ వీసా మీద, దాని డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి ఆ హక్కు ఉండదు. పీఆర్ వచ్చేదాకా ఆ 30 గంటల మీద ఆశ పెట్టుకుని బడ్జెట్ వేసుకోకండి. మా కాలనీలో ఒకరు అలాగే వేసుకుని, ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఇబ్బంది పడ్డారు.

కానీ మూడు, నాలుగేళ్ళ పిల్లలందరికీ వారానికి ఉచితంగా వచ్చే 15 గంటలకి వీసాతో సంబంధం లేదు. ఏడాదికి 570 గంటలు, స్కూలు టర్మ్‌ల లెక్కన 38 వారాలు. పుట్టినరోజు నాటి నుంచి కాదు, మూడు నిండిన తర్వాత వచ్చే టర్మ్ నుంచి. ఫిబ్రవరిలో పుట్టిన పిల్లకి ఏప్రిల్ నుంచి, మే నెలలో పుట్టిన పిల్లకి సెప్టెంబర్ నుంచి, అక్టోబర్‌లో పుట్టిన పిల్లకి జనవరి నుంచి. ఈ గంటలకి పైన ఇంత ఇవ్వండి అని నర్సరీ ఫీజు వేయకూడదు. భోజనానికి, డైపర్లకి, సన్‌క్రీమ్‌కి అడగొచ్చు గానీ అవి కడితేనే సీటు అనకూడదు. అలా అంటే కౌన్సిల్‌కి రాయండి, ఆ డబ్బు ఇచ్చేది వాళ్ళే కాబట్టి నర్సరీ వింటుంది. ఇక రెండేళ్ళ పిల్లల్లో, ఆదాయం తక్కువ ఉన్న కుటుంబాలకి 15 గంటలు వస్తాయి, పబ్లిక్ ఫండ్స్ లేని వీసా మీద ఉన్నా ఒక ఆదాయ పరిమితిలోపు ఉంటే దీనికి అర్హులే. కేర్ వర్కర్లుగా వచ్చిన తెలుగువాళ్ళు చాలామంది ఇది తెలియక వదిలేసుకుంటున్నారు, చూస్తే బాధేస్తుంది. తమ్ముడూ, నీ పాపకి రెండేళ్ళే కదా, ముందు ఇదే చూడు. ప్రతి కౌన్సిల్‌లోనూ ఫ్యామిలీ ఇన్ఫర్మేషన్ సర్వీస్ ఉంటుంది, అడిగితే చెప్తారు. అలా చెప్పడం 2006 చట్టం ప్రకారం వాళ్ళ బాధ్యత.

నర్సరీ చూడటానికి వెళ్ళినప్పుడు గోడల మీద బొమ్మలు కాదు, మనుషుల్ని లెక్కపెట్టండి. రెండేళ్ళలోపు పిల్లలు ముగ్గురికి ఒకరు, రెండేళ్ళ పిల్లలు ఐదుగురికి ఒకరు, మూడు దాటితే ఎనిమిది మందికి ఒకరు ఉండాలి, టీచర్ అర్హత ఉన్నవాళ్ళుంటే 13 మంది దాకా ఒప్పుకుంటారు. సాయంత్రం ఐదు తర్వాత, సిబ్బంది పల్చబడే వేళకి ఒకసారి వెళ్ళి చూడండి. తనిఖీ చేసేది ఆఫ్‌స్టెడ్, ఆ రిపోర్టులు ఎవరైనా చదవొచ్చు. ఏదైనా తేడా అనిపిస్తే ముందు నర్సరీకి రాతపూర్వకంగా ఇవ్వండి, 28 రోజుల్లో విచారించి జవాబు చెప్పాలి. పిల్లని కొట్టారనో, సిబ్బందిలో ఎవరి మీదైనా అనుమానమనో అయితే అంతదాకా ఆగొద్దు. అలాంటి ఆరోపణలు చూడటానికే కౌన్సిల్‌లో లాడో అని పిలిచే ఒక ప్రత్యేక అధికారి ఉంటారు.

ఇప్పుడు రెండో ప్రశ్న. 2012లో నార్వేలో కొడుకుని హింసించారని ఒక తెలుగు దంపతులకి జైలు శిక్ష పడిన వార్త మన ఇళ్ళల్లో ఎంత భయం పెట్టిందో నాకు తెలుసు. ఇప్పటికీ మా అత్తగారు ఫోన్‌లో పిల్లాడు ఏడిస్తే "తలుపులేసుకోమ్మా, ఎవరైనా వింటారు" అంటుంది. మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మా వాడికి అప్పుడు 11 నెలలు. నర్సరీలో డైపర్ మారుస్తూ నడుము కింద నీలంగా ఉన్న మచ్చ చూశారు. మనవాళ్ళ పిల్లల్లో చాలామందికి పుట్టుకతోనే వీపు కింద, పిర్రల మీద అలాంటి మచ్చ ఉంటుంది, కొన్నేళ్ళకి అదే పోతుంది. మా అమ్మకైతే అది చెప్పుకునే విషయమే కాదు. కానీ చూసినవాళ్ళకి అది కమిలిన దెబ్బలాగే ఉంది. మర్నాడు కౌన్సిల్ నుంచి సోషల్ వర్కర్ ఫోన్. ఆ రాత్రి నేను నిద్రపోలేదు, మా ఆయన ఇండియాకి టికెట్లు చూడటం మొదలుపెట్టాడు. తర్వాతి రోజు ఆవిడ ఇంటికి వచ్చింది, హెల్త్ విజిటర్ (చంటిపిల్లల్ని ఇంటికొచ్చి చూసే నర్సు) కూడా వచ్చి చూసి పుట్టుమచ్చేనని రాసిచ్చింది, డాక్టర్ రెండు నిమిషాల్లో అదే మాట చెప్పాడు, ఫైలు మూసేశారు. నర్సరీ వాళ్ళు ముందు నన్ను ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేదని అప్పుడు చాలా కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా కొంచెం ఉంది. కానీ నడవలేని పిల్లాడి ఒంటి మీద కమిలినట్టున్న గుర్తు కనబడితే పట్టించుకోని నర్సరీలో నా కొడుకుని వదలగలనా అని ఆలోచిస్తే, వదల్లేను.

అందుకని మీకు చెప్పేది, హెల్త్ విజిటర్ మొదటిసారి వచ్చినప్పుడే ఆ మచ్చలన్నీ చూపించి రెడ్ బుక్ అనే పిల్లల ఆరోగ్య రికార్డు పుస్తకంలో రాయించండి. ఇక్కడ పుట్టిన పిల్లలకి 10 నుంచి 14 రోజుల మధ్య ఇంటికే వస్తారు, తర్వాత 6 నుంచి 8 వారాలకి, ఏడాది లోపు ఒకసారి, రెండు రెండున్నరేళ్ళకి ఒకసారి చూస్తారు. 2015 నుంచి ఈ పని కూడా కౌన్సిల్ బాధ్యతే. ఇండియా నుంచి పిల్లతో వచ్చినవాళ్ళు జీపీ (మీ ప్రాంతపు డాక్టర్) దగ్గర పేరు రాయించాక హెల్త్ విజిటర్ కావాలని మీరే అడగండి. నర్సరీలో చేర్చేటప్పుడు ఆ ఫారంలోనూ మచ్చ గురించి రాయండి. మొలతాడు ఉంటే అదీ చెప్పండి, కొన్ని నర్సరీలు తీసేయమంటాయి, గొడవ పడకుండా ఇంట్లోనే కట్టుకోండి.

సోషల్ వర్కర్ వచ్చినంత మాత్రాన పిల్లని తీసుకెళ్ళలేరు. ఆ అధికారం వాళ్ళకి లేదు. కోర్టు ఆర్డర్ ఉండాలి, లేదా పిల్లకి తీవ్రమైన హాని జరిగేలా ఉంటే పోలీసులు 72 గంటల దాకా రక్షణలో పెట్టొచ్చు, లేదా తల్లిదండ్రులు ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఆ మూడోది గుర్తుపెట్టుకోండి. 'సెక్షన్ 20' అంటే ఆ ఒప్పుదలే, ఆ మాట వినబడితే లాయర్‌తో మాట్లాడకుండా సంతకం పెట్టొద్దు. పిల్లని తీసుకోవడం కోసం కౌన్సిల్ కోర్టుకి వెళ్తే తల్లిదండ్రులకి ఆదాయంతో పని లేకుండా లీగల్ ఎయిడ్ (ప్రభుత్వ ఖర్చుతో లాయర్) ఉంటుంది. ఫ్యామిలీ రైట్స్ గ్రూప్ అనే సంస్థ ఉచితంగా సలహా ఇస్తుంది. ఇంగ్లీషు రాని అమ్మకైనా, అత్తగారికైనా తెలుగు దుబాసీని అడగండి, ఇంట్లో పెద్దపిల్లాడి చేత అనువాదం చేయించకండి. చాలా కేసుల్లో మాట 'చైల్డ్ ఇన్ నీడ్' (సాయం అవసరమైన పిల్ల) దగ్గరే ఆగుతుంది. 1989 పిల్లల చట్టంలో 17వ సెక్షన్ అంటే కుటుంబానికి సాయం చేయడం, 47వ సెక్షన్ అంటే పిల్లకి హాని ఉందేమోనని విచారించడం. ఉత్తరంలో ఏది ఉందో చూసుకోండి. ఆ 17వ సెక్షన్ సాయం పబ్లిక్ ఫండ్స్ లెక్కలోకి రాదు, తీసుకుంటే వీసాకి ఇబ్బంది వస్తుందని భయపడొద్దు.

కొట్టడం గురించి దాచకుండా చెప్తాను. వేల్స్‌లో 2022 మార్చి నుంచి, స్కాట్లండ్‌లో 2020 నవంబర్ నుంచి పిల్లల మీద చెయ్యి చేసుకోవడమే నేరం. ఇంగ్లండ్‌లో చట్టం ఇంకా అంత దూరం వెళ్ళలేదు, కానీ ఒంటి మీద గుర్తు పడితే కేసే. నా అభిప్రాయం అడిగితే, చట్టం ఏం చెప్పినా కొట్టకండి. మనం తిన్న దెబ్బలు మనల్ని బాగుచేశాయని నేను నమ్మను. అలాగే ఇంట్లో భార్యాభర్తల గొడవ చెయ్యి చేసుకునేదాకా వెళ్తే, 2021 చట్టం ప్రకారం అది చూసిన, విన్న పిల్లలు కూడా బాధితులే. దెబ్బలు తింటున్న చెల్లెళ్ళు పిల్లల్ని తీసుకెళ్ళిపోతారేమోనని నోరు మూసుకుని ఉంటున్నారు. పోలీసులకి చెప్పండమ్మా.

ఇంకో విషయం దాదాపు ఎవరికీ తెలియదు. అర్జెంటుగా ఇండియా వెళ్ళాల్సి వచ్చి స్నేహితుల ఇంట్లో పిల్లని 28 రోజులు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంచితే, కౌన్సిల్‌కి ముందే చెప్పాలి. బాబాయి, పిన్ని, మేనత్త, మేనమామ, అమ్మమ్మ, తాతయ్య దగ్గరైతే అక్కర్లేదు. స్నేహితులైతే తప్పదు. 2000లో విక్టోరియా క్లింబీ అనే ఎనిమిదేళ్ళ పిల్ల లండన్‌లో, అమ్మానాన్నలు నమ్మి పంపిన దూరపు బంధువు చేతిలో చిత్రహింసలకి చనిపోయింది. కౌన్సిళ్ళు, పోలీసులు, ఆసుపత్రులు చూసి కూడా వదిలేశాయి. లార్డ్ లామింగ్ విచారణ నివేదిక 2003లో వచ్చింది, దాని వల్లే 2004 చట్టం వచ్చి ప్రతి కౌన్సిల్‌లోనూ పిల్లల సేవలకి బాధ్యత వహించే ఒక డైరెక్టర్, ఒక కౌన్సిలర్ ఉండాలన్నారు. ఈ ప్రశ్నలన్నీ మనల్ని అడిగేది అందుకే.

మరి కౌన్సిల్‌ని అడిగేదెవరు? ఆఫ్‌స్టెడ్ కౌన్సిల్ పిల్లల సేవల్ని కూడా తనిఖీ చేస్తుంది. బాగా లేకపోతే ప్రభుత్వం ఆ పని వాళ్ళ చేతుల్లోంచి తీసేసుకోవచ్చు. స్లౌలో 2015లో అలాగే వేరే ట్రస్టుకి అప్పజెప్పారు. బర్మింగ్‌హామ్‌లో పిల్లల సేవలు ఏళ్ళ తరబడి నాసిగా ఉండి 2018లో ట్రస్టు కిందికి వెళ్ళాయి, 2023కి 'గుడ్' అనిపించుకున్నాయి. ఇవి కాక స్క్రూటినీ కమిటీలు ఉంటాయి, కౌన్సిలర్లు అధికారుల్ని కూర్చోబెట్టి అడుగుతారు. మామూలుగా ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు, కాగితాలు ఐదు పనిరోజుల ముందే బయటపెడతారు. నేను వెళ్ళిన రోజు రెండు గంటలూ మా ప్రాంతంలో రెండేళ్ళ పిల్లలకి సీట్లు చాలకపోవడం గురించి, సోషల్ వర్కర్లు ఏడాది తిరక్కుండా మానేయడం గురించి మాట్లాడారు. హాల్లో మన ముఖం నాదొక్కటే. కామన్వెల్త్ దేశస్తులం కాబట్టి ఇండియా పాస్‌పోర్ట్ ఉన్న మనకి వర్క్ వీసా, స్టూడెంట్ వీసా, డిపెండెంట్ వీసా దేని మీద ఉన్నా 18 నిండితే ఇక్కడ ఓటుంది. పేరు నమోదు చేసుకోవడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు. మే నెలలో మీ గుమ్మంలోకి వచ్చే కౌన్సిలర్‌ని నర్సరీ సీట్ల గురించే అడగండి.

తమ్ముడూ, ఆ తెలుగావిడ దగ్గరికి మళ్ళీ వస్తాను. ఆవిడ డిపెండెంట్ వీసా మీద ఉంటే సొంతంగా పని చేసుకోవచ్చు, చైల్డ్‌మైండర్‌గా నమోదు కావడానికి వీసా అడ్డు కాదు, స్టూడెంట్ వీసా అయితే కుదరదు. అద్దె ఇల్లైతే ఓనర్ అనుమతి తీసుకోవాలి. కౌన్సిల్‌లో చిన్నపిల్లల పనులు చూసే ఎర్లీ ఇయర్స్ టీమ్‌ని అడిగితే శిక్షణ ఎక్కడ, ఫారాలు ఎలా అన్నీ చెప్తారు. మా ఊళ్ళో గుంటూరు వైపు ఆవిడ ఒకరు అలాగే చేసి ఇప్పుడు ఐదుగురు పిల్లల్ని చూసుకుంటున్నారు, 15 గంటల డబ్బు కూడా కౌన్సిల్ నేరుగా ఆవిడకే ఇస్తుంది. నీ పాపని పంపకముందే ఈ మాట ఆవిడ చెవిన వెయ్యి. అంతదాకా ఒక మూణ్ణెల్లు ఖర్చైనా నర్సరీకే పంపు.