చైను బిగించే ముందు స్కేలు పెట్టి చూడు

నాయనా,

సైకిలు వెనక చక్రం వెనక్కి లాగి బిగించినా వారానికే చైను మళ్ళీ వేలాడతా ఉందని రాశావు. ఇంకోసారి స్పానరు ముట్టుకోవద్దు. వెనక్కి లాగితే వదులు కనపడకుండా పోతాది గానీ, అరుగుదల అట్లే ఉంటాది.

చైను సాగిందంటారు గానీ దాని రెండు పక్కలా ఉండే ఇనప పట్టీలు సాగవు. కీలు లోపల పిన్ను, దాని చుట్టూ తిరిగే బుష్షు (చిన్న గొట్టం) రాసుకొని అరుగుతాయి. ఒక్కో కీలులో వెంట్రుకంత సందే. నూటికి ఒక వంతు అరిగినా, వంద కీళ్ళ చైను అరంగుళం పొడుగవుతాది. నువ్వు పోయే తాడిపత్రి దారిలో బండలు కోసే పొడి నూనెలో కలిస్తే అది సానరాయి పని చేస్తాది. అందుకే అంత తొందరగా అరుగుతాంది.

కొలిచేది ఇట్లా. చైను కవరు పూర్తిగా మూసినదైతే తీసెయ్. వెనక బ్రేకు పట్టి పెడలు కొంచెం నొక్కితే పై చైను బిగుతుగా నిలబడతాది. బట్టలు కొలిచే టేపు వద్దు, ఇనప స్కేలు తీసుకో. స్కేలు కొన అరిగుంటే లెక్క తప్పుతాది, అందుకని ఒక అంగుళం గీత దగ్గర మొదలుపెట్టు. ఆ గీత ఒక పిన్ను నడిమధ్యన పెట్టి, దాన్ని వదిలేసి 24 పిన్నులు లెక్కపెట్టు. కొత్త చైనుకు ఇరవై నాలుగోది సరిగ్గా 13 మీద ఉంటాది, అంటే 12 అంగుళాలు. 13 గీతను అంగుళంలో పదహారో వంతు దాటితే కొత్త చైనుకు డబ్బులు సిద్ధం చేసుకో. ఎనిమిదో వంతు, అంటే వడ్రంగుల లెక్కలో ఒక నూలు, దాటితే ఆ రోజే మార్చాల. ఇది గేర్లు లేని సైకిలు లెక్క. గేర్లదైతే అంతవరకు ఆగకూడదు. వెనక 11 పళ్ళచక్రాలు, అంతకు మించి ఉన్నవాటికి పదహారో వంతు దగ్గరే తీసెయ్యాల. రెండు మూడు చోట్ల కొలిచి చూడు.

తర్వాత పెడళ్ళ దగ్గరుండే ముందు పళ్ళచక్రం పళ్ళు. చైనును పళ్ళచక్రం ముందు కొస దగ్గర పట్టి ముందుకు లాగు. సగం పన్నుకు పైగా బయటపడితే చైనో, పళ్ళో, రెండూనో పోయినట్టు. మంచి పన్ను రెండు పక్కలా ఒకే వాలుగా ఉంటాది. అరిగింది కొక్కెం మాదిరి ఒక పక్కకు వంగుతాది. ఫ్రీవీలు, అంటే వెనక చక్రానికుండే పళ్ళచక్రం, దాని పళ్ళు కూడా చూడు. అది చిన్నది, ఒక్కో పన్ను మీద భారం ఎక్కువసార్లు పడుతుంది కాబట్టి ముందు అదే పోతాది. అరిగిన ఫ్రీవీలు మీద కొత్త చైను వేస్తే ఎగువన నిలబడి తొక్కేటప్పుడు జారుతాది. చైను ఆలస్యంగా మార్చినోళ్ళకు ఫ్రీవీలు ఖర్చు కూడా తప్పదు.

శబ్దం మీద ఒక మాట. పెడలు ప్రతి చుట్టుకూ ఒకసారి టక్కుమంటే పెడలు కడ్డీని ఇరుసుకు బిగించే కాటరు పిన్ను చూడు, చైనును తిట్టొద్దు. రెండు చుట్లు దాటి ఒకసారి వస్తే చైనులో ఒక కీలు బిగుసుకుంది. పెడలు వెనక్కి తిప్పితే ఫ్రీవీలు దగ్గర ఆ కీలు ఎగురుతా కనపడతాది.

కొత్తది వేశాక లాక్ లింకు (చైను రెండు కొసలు కలిపే కీలు) క్లిప్పు మూసిన వైపు చైను పోయే దిక్కుకు ఉండాల, అంటే పై వరుసలో ముందు చక్రం వైపు. తిరగేసి పెడితే ఏదో ఒకటి తగిలి ఊడిపోతాది. పెడలు మెల్లగా తిప్పి, చైను ఎక్కడ ఎక్కువ బిగుసుకుంటాదో అక్కడ అరంగుళం ఊగేట్టు చక్రం బిగించు.

చైను మురికైనప్పుడు కిరసనాయిలుతో, అది దొరక్కపోతే డీజిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, బాగా ఆరనివ్వు. కుట్టుమిషను నూనె ఒక్కో రోలరుకు ఒక చుక్క చాలు. పది నిమిషాలాగి పైనున్నదంతా తుడిచెయ్. నూనె లోపల పనిచెయ్యాల, బయట ఉన్నది పొడిని పట్టుకుంటాది. శెనిక్కాయల నూనె అసలు వద్దు, జిగటవుతాది. బండిలోంచి తీసిన పాత ఇంజనాయిలూ అంతే, దాంట్లో లోహపు పొడి ఉంటాది.

అంగడికి పోయేముందు ఫ్రీవీలు పళ్ళు లెక్కపెట్టుకొని పో. మామూలుగా 18 ఉంటాయి గానీ నీది చూసే కొను. ఆదివారం కొలిచి, ఎంత వచ్చిందో నాకు రాయి.

మీ మామ