వరద లెక్కలకు త్రిభుజాల వల ఎందుకు?

వరద నీరు ఎలా పారుతుందో కంప్యూటర్‌లో లెక్కించడానికి ఆ ప్రాంతాన్ని వలలా చిన్న గడులుగా విడగొడతాం. సమానమైన చదరపు గడులతో లెక్క సులువు కదా, త్రిభుజాల వల ఎందుకని అడిగారు. నాగార్జునసాగర్‌నే తీసుకోండి. 26 క్రస్ట్ గేట్ల దగ్గర నీటి వేగం అడుగడుగునా మారుతుంది; అక్కడ చిన్న చిన్న గడులు కావాలి. వెనుక విశాలమైన జలాశయంలో పెద్ద గడులు చాలు. చదరాలతో కృష్ణ ఒడ్డు వంపులు మెట్లమెట్లుగా తయారవుతాయి. త్రిభుజాలు ఒడ్డు వెంటే ఒదుగుతాయి.

ఒక్కో గడిలోకి వచ్చే, పోయే నీటిని లెక్కగట్టే పరిమిత ఘనపరిమాణ పద్ధతిలో (ఫైనైట్ వాల్యూమ్) ఒక గడి అంచు దాటిన నీరంతా పక్క గడికి జమ అవుతుంది. గడి ఆకారం ఏదైనా మొత్తం నీటి లెక్క తప్పదు. నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

అయితే జాగ్రత్త: కాలాన్ని చిన్న విరామాలుగా కోసి అడుగడుగునా లెక్కిస్తాం; సాధారణంగా వాడే లెక్కింపులో ఒక్కో కాల విరామంలో అల గడిని దాటిపోకూడదు. అతి ఇరుకైన గడికి సరిపడే చిన్న విరామాన్నే అన్ని గడులకూ వాడాలి. అందుకే సన్నటి సూదిమొన త్రిభుజం ఒక్కటి చొరబడినా మొత్తం లెక్క నత్తనడక నడుస్తుంది.