తిరుపతిలో ఫ్లాటా, చిత్తూరులో ఇల్లా?

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని. కోతలు పోను నెలకు 68 వేలు చేతికొస్తాయి. నా భార్య తిరుపతిలో ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు, జీతం 24 వేలు. పాప నాలుగో తరగతి. ఎం.ఆర్.పల్లిలో డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్‌లో 14 వేల అద్దెకు ఉంటున్నాం. ఎఫ్‌డీల్లో 11 లక్షలున్నాయి, అప్పుల్లేవు. కరకంబాడి రోడ్డు వైపు కడుతున్న అపార్ట్‌మెంట్‌లో 1,150 చదరపు అడుగుల ఫ్లాట్ 64 లక్షలు చెబుతున్నారు. స్థలంలో వాటా 40 గజాలు. ఆ వీధిలో అంకణం (36 చదరపు అడుగులు) లక్షా ఎనభై వేలు నడుస్తోంది. మా సొంతూరు చిత్తూరు. గిరింపేటలో నాయన కట్టిన పాత ఇంట్లోనే అమ్మానాయన ఉంటారు. మురకంబట్టులో మూడు సెంట్లలో ఉన్న ఇల్లు 46 లక్షలకు వస్తోంది, కొనమని నాయన పట్టుబడుతున్నారు. అక్కడ సెంటు 9 లక్షలు. అద్దెకిస్తే నెలకు 9 వేలు వస్తుంది. బావమరిదేమో ‘తిరుపతిలో నేల ధర ఎప్పుడన్నా దిగిందా బావా’ అంటాడు. బిల్డరుకి 50 వేలు టోకెన్ ఇచ్చాను. దసరా తర్వాత రేటు పెంచుతారట. ఏది కొనమంటారు?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఏ ఊరు ఎక్కువ పెరుగుతుందన్న మాట తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఈ రెండూ మీ జీతాల్లో ఇముడుతాయో లేదో చూడాలి.

ఫ్లాట్ 64 లక్షలంటున్నారు గానీ, అది మీకు 64 లక్షలకు రాదు. ఇంకా కడుతున్నది కాబట్టి 5 శాతం జీఎస్టీ, అంటే 3.2 లక్షలు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి మన రాష్ట్రంలో 7.5 శాతం, అంటే 4.8 లక్షలు. అక్కడికే 72 లక్షలైంది. కప్‌బోర్డులు, వంటగది పని, ఫ్యాన్లు, లైట్లు కలిపి నాలుగు లక్షల్లో తేలితే మీరు గట్టివాళ్లే. మొత్తం 76 లక్షలు వేసుకోండి. ఈ స్థాయి లోన్లకు బ్యాంకు ఇంటి విలువలో 80 శాతం దాకా ఇస్తుంది. రిజిస్ట్రేషన్ ఖర్చుల్ని ఆ విలువలో కలపదు. కాబట్టి మీకు వచ్చేది ఎక్కువలో ఎక్కువ 51.2 లక్షలు. మిగతా దాదాపు 25 లక్షలు మీ చేతి నుంచే పెట్టుకోవాలి. మీ దగ్గరున్నది 11. తేడాకి పర్సనల్ లోనో, ఆవిడ నగలో, నాయన దాచుకున్న డబ్బో తప్ప దారి లేదు. బిల్డర్ల ఆఫీసుల్లో ఈ మూడింటినీ ‘అడ్జస్ట్‌మెంట్’ అంటారు.

8 శాతం వడ్డీ, ఇరవై ఏళ్ల గడువు అనుకుంటే ఈఎంఐ సుమారు 42,800. ఇద్దరి జీతం 92 వేలు. అంటే సగానికి కాస్త తక్కువ. పాప ఆరో తరగతికి వచ్చేసరికి ఫీజు ఎంత పెరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆవిడ ఏ కారణంగానైనా ఒక ఏడాది ఉద్యోగం మానేస్తే 68 వేల జీతంలో ఈఎంఐ పోను 25 వేలు మిగులుతాయి. ఆ టెన్షన్‌తో ఇరవై ఏళ్లు బతకమని నేను ఎవరికీ చెప్పను.

చిత్తూరు ఇల్లు చూద్దాం. రిజిస్ట్రేషన్‌తో కలిపి 49.45 లక్షలు. లోన్ 36.8 లక్షలు దాకా వస్తుంది, మీ చేతి నుంచి 12.65 లక్షలు. ఇది దగ్గరగానే ఉందనిపిస్తుంది. కానీ మీరు ఉండేది తిరుపతిలో. చిత్తూరు నుంచి తిరుపతికే 70 కిలోమీటర్లు, రేణిగుంట అంతకన్నా దూరం. రోజూ తిరగలేరు. కాబట్టి ఈఎంఐ 30,800 కడుతూ, ఇక్కడ 14 వేల అద్దె కూడా కడుతూ, అక్కడి నుంచి 9 వేలు పుచ్చుకుంటారు. నికరంగా నెలకు 35,800 పోతుంది. అంత పెట్టినా మీ కుటుంబం అద్దింట్లోనే ఉంటుంది.

మీ నాయనగారికి చిత్తూరు చవక అనిపిస్తుండొచ్చు. నా లెక్కలో చవక కాదు. మీరుంటున్నలాంటి ఫ్లాటుకి తిరుపతిలో ఏడాది అద్దె 1.68 లక్షలు. 64 లక్షలంటే 38 ఏళ్ల అద్దె. మురకంబట్టు ఇంటికి ఏడాది అద్దె 1.08 లక్షలు. 46 లక్షలంటే 42 ఏళ్లకు పైబడిన అద్దె. అంటే అక్కడ ధర తక్కువే గానీ, దానికి తగ్గట్టుగా అద్దె ఇంకా తక్కువ. రెండు ఊళ్ల ఇళ్లను పోల్చాలంటే ఎన్నేళ్ల అద్దె పెట్టి కొంటున్నామని చూడటం చదరపు అడుగు రేటు చూడటం కన్నా మేలు.

అద్దె డబ్బంతా వృథా అని మీ మనసులో ఉండి ఉంటుంది, అందరికీ ఉంటుంది. 51.2 లక్షల లోన్‌కి మొదటి నెల ఈఎంఐలో ఒక్క వడ్డీయే 34 వేలు. 14 వేలు వృథా అని 34 వేలు కడతారా? పైగా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, ఇంటి పన్ను వేరే. ఒక పక్క 8 శాతం వడ్డీ, ఇంకో పక్క ఖర్చులు పోను 2 శాతం అద్దె ఆదా. తేడా 6 శాతం. ఆ ఫ్లాట్ ధర ఏటా 6 శాతం పెరిగితే మీరు లాభమూ నష్టమూ లేకుండా బయటపడతారు. పెట్టిన 72 లక్షలు పదేళ్లు ఏటా 6 శాతం పెరిగితే 1.29 కోట్లవుతుంది. పదేళ్ల పాత ఫ్లాట్‌కి అంత పెట్టేవాళ్లు దొరికితేనే లెక్క సరి. పక్కనే కొత్త అపార్ట్‌మెంట్లు లేస్తుంటే దొరుకుతారా అన్నది మీ బావమరిదిని అడగండి.

లోన్ తీసుకుంటే టాక్స్ కలిసొస్తుందని కూడా ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. కొత్త పన్ను విధానంలో 12.75 లక్షల దాకా జీతానికి ఇప్పుడు పన్నే లేదు. మీరిద్దరూ ఎవరి లెక్కలో వాళ్లు అంతకు లోపే ఉన్నట్టున్నారు. లేని పన్నులో మినహాయింపు ఏముంటుంది?

ఇప్పుడు మీ బావమరిది మాట. తిరుపతి పెరుగుతున్న ఊరే, సందేహం లేదు. 2011 జనాభా లెక్కల నాటికే ఊళ్లో సుమారు 2.87 లక్షల మంది, చిత్తూరులో లక్షన్నర పైచిలుకు. ఆ తర్వాత 2015లో ఐఐటీ, ఐసర్ వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది. స్విమ్స్, రుయా, బర్డ్ ఆసుపత్రులు, ఎస్వీ యూనివర్సిటీ, టీటీడీ ఉద్యోగులు, మీ రేణిగుంట ఫ్యాక్టరీలు... నెలనెలా జీతం తీసుకుని అద్దె కట్టే కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. ఉత్తరాన శేషాచలం కొండలు, అడవి. ఊరు అటు కదల్లేదు కాబట్టి కొండ కింద పాత వీధుల్లో జాగా దొరకడం కష్టం, అక్కడ ధర నిలుస్తుంది.

కానీ బయటికి పోయేకొద్దీ ఆ మాట చెల్లదు. తూర్పున రేణిగుంట, దక్షిణాన తిరుచానూరు, పడమర చంద్రగిరి వైపు ఖాళీ పొలాలు ఇంకా లేఅవుట్లవుతూనే ఉన్నాయి. కొత్త సరుకు వస్తున్నంత కాలం పాత ఫ్లాట్ ధర తలెత్తదు. ఇంకొకటి, బ్రోచర్లలో శ్రీసిటీ పారిశ్రామిక వాడ బొమ్మ పెట్టి తిరుపతి ఫ్లాట్లు అమ్ముతారు. శ్రీసిటీ ఉన్నది సత్యవేడు వైపు, తమిళనాడు అంచున. అక్కడ పనిచేసేవాళ్లు తడ, సూళ్లూరుపేట, సత్యవేడుల్లో ఉంటారు, చెన్నై నుంచి బస్సుల్లో వస్తారు. వాళ్ల జీతాలు కరకంబాడి రోడ్డు అద్దెలు పెంచవు. అలాగే కొండకు వచ్చే వేలాది భక్తులు లాడ్జీలకు గిరాకీ గానీ, నెల అద్దె ఇళ్లకు కాదు.

చిత్తూరు సంగతి వేరు. జిల్లా విడిపోయాక కొంత ఆఫీసు సందడి తిరుపతికి తరలింది. ఊరికి బలం రోడ్లు. బెంగళూరు, చెన్నై, వేలూరు, కర్నూలు దారులు కలిసే చోటు అది. బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే బంగారుపాళెం, గుడిపాల మండలాల మీదుగా పోతుంది. గుడిపాల దగ్గర సీఎంసీ ఆసుపత్రి క్యాంపస్ ఉంది, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలున్నాయి. మీ నాయనగారు చూస్తున్నది ఇదే, ఆయన తప్పు చూడటం లేదు. కాకపోతే ఎక్స్‌ప్రెస్‌వే అంటే ఎక్కడపడితే అక్కడ ఎక్కి దిగే రోడ్డు కాదు. ఎక్కేచోటు, దిగేచోటు దగ్గరి గోడౌన్లు, హోటళ్ల స్థలాలకే దాని లాభం ముందు తెలుస్తుంది. మురకంబట్టులో ఒక ఇంటి అద్దె 9 వేల నుంచి 15 వేలు కావడానికి అది చాలదు. దానికి ఊళ్లో కొత్త జీతాలు రావాలి.

ప్రకటనల్ని నమ్మి కొనేవాళ్లకి అమరావతి గుర్తుండాలి. 2014 తర్వాత అక్కడ ధరలు ఎలా ఎగిరాయో, 2019 చివర మూడు రాజధానుల మాట వినగానే ఎలా పడ్డాయో, 2024లో మళ్లీ ఎలా లేచాయో చూశాం. మధ్యలో ఆ అయిదేళ్లు ఈఎంఐ కట్టినవాళ్లకి ఆ లేవడం పడటం ఆట కాదు.

చిత్తూరు ఇంట్లో నాకు నచ్చింది ఒకటే, నేల. మూడు సెంట్లు, 27 లక్షల విలువ, అంటే కొనే ధరలో సగానికి పైగా నేలే. కరకంబాడి ఫ్లాట్‌లో మీ వాటా 40 గజాలు, తిరుపతి లెక్కన 36 చదరపు అడుగుల అంకణాలు పది, 18 లక్షలు. మిగతా 46 లక్షలు కట్టడానికీ, బిల్డరు లాభానికీ. పెరిగేది నేల, అరిగేది కట్టడం. 64లో 18 లక్షల నేల నాకు మరీ తక్కువగా కనిపిస్తోంది. ఇదే ధరకి తక్కువ అంతస్తులు, ఎక్కువ వాటా ఉన్న చిన్న అపార్ట్‌మెంట్లు పేరూరు, అవిలాల వైపు వెతకండి. అన్నట్టు, నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు స్థలాలు చూస్తే జాగ్రత్త. అవి పాత నెల్లూరు జిల్లా నుంచి వచ్చినవి, అక్కడ అంకణమంటే 72 చదరపు అడుగులు. రేటు సగమే అనుకునో, రెట్టింపు అనుకునో మోసపోతారు.

నా సలహా, ఇప్పుడు రెండూ కొనొద్దు. గిరింపేట ఇంటి రూపంలో చిత్తూరులో మీ కుటుంబానికి ఆస్తి ఇప్పటికే ఉంది. తోడబుట్టినవాళ్లుంటే వాటా పోగా మిగిలేదైనా మీకు రావచ్చు. అదే ఊళ్లో అప్పు చేసి రెండో ఇల్లు దేనికి? నాయనగారికి ఆ మాట నెమ్మదిగా చెప్పండి.

మీరు కొనాల్సింది తిరుపతిలోనే, ఉండటానికి, ఇంకో మూడేళ్లకి. 11 లక్షల్లో మూడు ఆపదకు పక్కన పెట్టండి. మిగతా ఎనిమిది 6.5 శాతం దగ్గర ఉంచితే మూడేళ్లకు 9.7 లక్షలు. నెలకు 25 వేలు ఆర్‌డీలో వేస్తే 9.9 లక్షలు. కలిపి 19.6 లక్షలు. మూడేళ్లలో కావాల్సిన డబ్బుని షేర్లలో పెట్టకండి. ఆ డబ్బుతో 55 లక్షల దాకా ఉన్న, కట్టడం పూర్తయి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన ఫ్లాట్ చూడండి. అలాంటిదానికి జీఎస్టీ ఉండదు. 20 శాతం కింద 11 లక్షలు, రిజిస్ట్రేషన్ 4.1 లక్షలు, లోపలి పనులు 4 లక్షలు, అన్నీ మీ డబ్బులోనే సరిపోతాయి. 44 లక్షల లోన్‌కి ఈఎంఐ 36,800. అప్పటికి ఇద్దరి జీతం లక్షా అయిదు వేలైతే 35 శాతం. నాకు అది ఫర్వాలేదు. ఈ మూడేళ్లలో ధరలు పెరిగిపోతే? అప్పుడు కాస్త చిన్న ఫ్లాట్ కొంటారు. ఈరోజు తొందరపడి పర్సనల్ లోన్ మోయడం కన్నా అది నయం. లోన్ తీసుకునే ముందు ఇద్దరి పేరా టర్మ్ (జీవిత బీమా) పాలసీలు తీసుకోండి.

తిరుపతిలో కాగితాల విషయం మాత్రం మామూలుగా తీసుకోకండి. ఇక్కడ మఠం భూములు, దేవస్థానం భూములు, డీకేటీ (ప్రభుత్వం పేదలకిచ్చిన భూముల) పట్టాలు, చెరువు పోరంబోకులు ఊరి నిండా కలిసిపోయి ఉన్నాయి. ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీల పత్రం) శుభ్రంగా ఉన్నంత మాత్రాన చాలదు. ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ శాఖ 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడాలి. ఇంటి స్థలం లేని పేదలకు, భూమి లేనివారికి ఇచ్చిన అసైన్డ్ భూములైతే 1977 చట్టం కింద అమ్మకమే చిక్కు. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు, మూల పత్రాలు మొత్తం లాయరుకి ఇచ్చి రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి, వెయ్యికీ రెండు వేలకీ చూసుకోకండి. బ్యాంకు లోన్ ఇస్తోంది కదా అని ఊరుకోవద్దు. 2021 నవంబరు వరదల్లో ఆ వీధిలోకి నీళ్లు ఎంత వచ్చాయో పక్కింటివాళ్లని అడగండి. మునిసిపల్ నీళ్లు వస్తాయా, ట్యాంకరా అన్నది కూడా వాళ్లే చెబుతారు.

ఇక టోకెన్. మీరింకా అగ్రిమెంట్ రాసుకోలేదు కాబట్టి వెంటనే, ఈ వారంలోనే, వద్దనుకుంటున్నట్టు రాసి పంపండి, డబ్బు తిరిగివ్వమని అడగండి. వాట్సాప్‌లో చెప్పినా ఈమెయిల్ కూడా పెట్టండి, రసీదు కాపీ జత చేయండి. ఆలోగా ‘పది లక్షలు కట్టండి, పాత రేటుకే ఖాయం చేస్తాం’ అంటారు. రిజిస్టరు చేసిన అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోవడం రెరా చట్టం ప్రకారం కుదరదు. మీ విషయంలో ఆ గీత 6.4 లక్షలు. దసరా ఆఫర్ ఏటా వస్తుంది. ఇచ్చిన 50 వేలలో కొంత కోసి ఇస్తామన్నా తీసుకుని బయటికి రండి.