పనిచేస్తున్న ప్రోగ్రామ్‌ను మళ్లీ పనిచేయించడం కూడా ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. తోటివారంతా కృత్రిమ మేధ కోర్సుల్లో చేరుతుంటే, తను మాత్రం కమాండ్ లైన్‌లో, అంటే ఆదేశాలను టైపుచేసి నడిపే, ఎవరైనా కోడ్ చూసి మార్చగల ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్‌ను లినక్స్, విండోస్, మాక్ మూడింటిలోనూ ఒకే తీరుగా నడిపించే పనిలో పడింది. లినక్స్‌లో అది ఎప్పటినుంచో బాగానే పనిచేస్తోందట. విండోస్‌లో ఒక తాత్కాలిక ఫైలు చెరగడం లేదని మూడు వారాలు దాని దగ్గరే కూర్చుంది. చూపించడానికి తెర మీద ఒక బొమ్మ గాని, బటన్ గాని లేని ఈ పనికి ఉద్యోగం వస్తుందా? దీన్ని మాన్పించి ఆరు నెలల కృత్రిమ మేధ కోర్సులో చేర్పించమంటారా? రెండింటినీ పోల్చి చెప్పగలరు. – ఒక తండ్రి

జవాబు: ఇటువంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి. ఒకప్పుడు మొబైల్ యాప్‌లు, ఆ తరువాత క్లౌడ్ సర్టిఫికెట్లు, మధ్యలో కొంతకాలం బ్లాక్‌చెయిన్ ఉన్న చోట ఇప్పుడు కృత్రిమ మేధ ఉంది. మీరు పోలిక అడిగారు గాని, మిమ్మల్ని నిజంగా వేధిస్తున్నది మీ అమ్మాయి పని మీకు కనిపించకపోవడం. నలుగురు అడిగితే చెప్పుకోవడానికి దానికొక పేరు లేదు, చూపించడానికి రూపం లేదు. అందుకే మూడు వారాల శ్రమ మీకు మూడు వారాల వృథాగా తోచింది. కాబట్టి ముందు ఆ మూడు వారాల సంగతే చెబుతాను.

లినక్స్‌లోనూ మాక్‌లోనూ ఒక ప్రోగ్రామ్ తెరిచి ఉంచిన ఫైలును కూడా చెరిపేయవచ్చు. పేరు డైరెక్టరీలోంచి వెంటనే పోతుంది, లోపలి సమాచారం మాత్రం ఆ ఫైలును వాడుతున్న చివరి ప్రోగ్రామ్ దాన్ని మూసేదాకా డిస్కు మీద ఉంటుంది. విండోస్ మామూలుగా ఇందుకు ఒప్పుకోదు. ఫైలును తెరిచేటప్పుడే, తాను వాడుతుండగా దాన్ని చెరపడానికి అభ్యంతరం లేదని ప్రోగ్రామ్ ముందుగా తెలిపి ఉంటే తప్ప, చెరపమన్న ఆదేశాన్ని తిప్పికొడుతుంది. మీ అమ్మాయి చూస్తున్న తప్పు బహుశా ఇదే అయి ఉంటుంది. దీన్ని సరిచేయాలంటే ప్రోగ్రామ్‌లో ఆ ఫైలును ఎక్కడెక్కడ తెరుస్తున్నారో, ఏ దారిలో మూయకుండా బయటికి వస్తున్నారో, మధ్యలో ఏదైనా పొరపాటు జరిగి పని ఆగిపోతే దాన్ని మూసే బాధ్యత ఎవరిదో మొదటినుంచి చివరిదాకా వెతకాలి. ఆ నిర్లక్ష్యం లినక్స్‌లోనూ ఉన్నదే, కాకపోతే అక్కడ అది బయటపడలేదు. ఎవరో రాసిన వేల వరుసల కోడ్‌లోకి దిగి ఇటువంటి దాన్ని పట్టుకునే ఓపిక ఉన్న విద్యార్థులు నాకు చాలా అరుదుగా కనిపిస్తారు.

ఇంకొకటి చూడండి. ఒక ఫోల్డరులోని టెక్స్ట్ ఫైళ్లన్నింటి మీదా ప్రోగ్రామ్‌ను నడపడానికి వాడేవారు నక్షత్రం గుర్తు పెట్టి ఆదేశం ఇస్తారు. లినక్స్‌లో టైపుచేసిన ఆదేశాలను అందుకునే షెల్ అనే ప్రోగ్రామ్ ఆ గుర్తును ఫైళ్ల పేర్ల జాబితాగా విప్పి ప్రోగ్రామ్ చేతికి అందిస్తుంది. విండోస్ కమాండ్ ప్రాంప్ట్ గుర్తును ఉన్నదున్నట్టుగా పంపుతుంది, విప్పుకోవలసింది ప్రోగ్రామే. అంతేకాక, లినక్స్‌లో ఆర్గ్యుమెంట్లు, అంటే ఆదేశంతోపాటు ఇచ్చే ఫైలు పేర్ల వంటివి, విడివిడిగా చేరితే, విండోస్‌లో అవన్నీ కలిసి ఒకే పొడవైన పదబంధంగా చేరతాయి. దాన్ని ఎక్కడ విడగొట్టాలో, కొటేషన్ గుర్తులను ఎలా అర్థం చేసుకోవాలో అందుకున్న ప్రోగ్రామ్ తేల్చుకోవాలి. ఫైలు పేరులో ఒక్క ఖాళీ ఉంటే చాలు, ఒక చోట సరిగా నడిచింది ఇంకో చోట రెండు ఫైళ్లనుకుని వెతుకుతుంది. టెక్స్ట్ ఫైలులో ప్రతి వరుస చివర ఉండే గుర్తులు కూడా లినక్స్‌లో ఒకటి, విండోస్‌లో వేరు. లినక్స్‌లో పెద్ద అక్షరం, చిన్న అక్షరం వేర్వేరు పేర్లవుతాయి, విండోస్‌లోనూ మాక్‌లోనూ మామూలుగా కావు. 64 బిట్ లినక్స్‌లో సీ భాషలోని లాంగ్ అనే సంఖ్య 8 బైట్లు, 64 బిట్ విండోస్‌లో 4 బైట్లే. చివరికి లినక్స్‌కూ మాక్‌కూ మధ్య కూడా తేడాలున్నాయి: ఫైలును అక్కడికక్కడే మార్చడానికి సెడ్ అనే పనిముట్టుకు ఇచ్చే ఒకే ఆప్షన్ ఆ రెండింటిలో రెండు విధాలుగా ప్రవర్తిస్తుంది. లినక్స్, మాక్ వంటి యూనిక్స్ తరహా వ్యవస్థల మధ్య ఇటువంటి తేడాలను తగ్గించాలనే 1988లో పోసిక్స్ ప్రమాణాన్ని తెచ్చారు. అది ఎంతో మేలు చేసింది గాని, తేడాలన్నింటినీ తుడిచివేయలేదు.

దీనికి ఉద్యోగం ఉందా అంటే, అచ్చంగా ఈ పని పేరుతో పోస్టు దాదాపు ఉండదని ముందే చెప్పాలి. కాని ఈ నైపుణ్యం అవసరమయ్యే పోస్టులు ఉన్నాయి. బిల్డ్, రిలీజ్ బృందాలు, డెవలపర్ టూల్స్ తయారుచేసే సంస్థలు, డేటాబేస్, కంపైలర్, భద్రతా సాఫ్ట్‌వేర్, ఎంబెడెడ్ రంగాలు ఇటువంటి వారి కోసం చూస్తాయి. 2009లో వచ్చిన నోడ్ (జావాస్క్రిప్ట్ ప్రోగ్రామ్‌లను బ్రౌజర్ బయట నడిపేది) మొదట్లో యూనిక్స్ తరహా వ్యవస్థలకే పరిమితమై ఉండేది. ఆపరేటింగ్ సిస్టమ్‌ల మధ్య తేడాలను తనలో దాచుకునే లిబ్‌యూవీ అనే లైబ్రరీని తయారుచేసిన తరువాతనే, 2011లో, విండోస్‌లో అది సొంతంగా నడిచింది. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ ఇన్ని రకాల పరికరాల్లో ఇమిడిపోవడానికి ఒక కారణం, ఆపరేటింగ్ సిస్టమ్‌తో మాట్లాడే భాగాన్ని దాని రచయితలు మిగతా కోడ్ నుంచి వేరుచేసి ఒక పొరగా కట్టడం. మీ అమ్మాయి చిన్న స్థాయిలో నేర్చుకుంటున్నది ఈ పనే.

ఇక మీరు చేర్పించదలచిన కోర్సు గురించి. కృత్రిమ మేధ గొప్ప రంగమన్న విషయంలో నాకు సందేహం లేదు. ఆరు నెలల్లో అందులో నిపుణులను తయారుచేస్తామనే ప్రకటనల మీద మాత్రం నాకు చాలా సందేహాలున్నాయి. ఈ కోర్సుల్లో చాలావాటిలో విద్యార్థి కూర్చునేది ముందే సిద్ధంచేసిన నోట్‌బుక్ (బ్రౌజర్‌లోనే కోడ్ రాసి నడిపే పేజీ) ముందు. డేటాను ఎవరో శుభ్రంచేసి పెడతారు, లైబ్రరీలను ఎవరో ఎక్కించి పెడతారు, కోడ్ నడిచేది ఎక్కడో ఉన్న లినక్స్ యంత్రం మీద. వందమంది అదే ప్రాజెక్టు చేసి, అదే వాక్యాన్ని రెజ్యూమేలో రాసుకుంటారు. ఇంటర్వ్యూలో ఆ ప్రాజెక్టును మరో యంత్రం మీద మొదటినుంచి నడిపి చూపించమంటే, మొదటి తప్పు సందేశం దగ్గరే ఆగిపోయేవారిని నేను చూశాను. మోడల్ గురించి ధారాళంగా మాట్లాడేవారికి తమ ప్రోగ్రామ్ ఏ లైబ్రరీ మీద ఆధారపడి ఉందో తెలియకపోవడం బాధాకరం, ఎందుకంటే తప్పు ఆ పిల్లలది కాదు, వారికి ఆ భాగాన్ని ఎవరూ చూపించలేదు. కృత్రిమ మేధకు వాడే పైథాన్ లైబ్రరీలు కూడా లోపల సీ, సీ ప్లస్ ప్లస్ భాషల్లో రాసిన భాగాలతో వస్తాయి. వాటిని ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్‌కు, ఒక్కో రకం ప్రాసెసర్‌కు వేరువేరుగా కంపైల్ చేసి, అంటే ఆ యంత్రం నేరుగా నడపగల రూపంలోకి మార్చి, అందించాలి. అంటే మీరు ఆశపడుతున్న ఆ రంగానికి కూడా మీ అమ్మాయి చేస్తున్న పని తెలిసినవారు కావాలి. సంభావ్యత, సరళ బీజగణితం ఆమెకు నిజంగా నచ్చితే ఆ దారిలో వెళ్లనివ్వండి. అప్పుడు కూడా ఆరు నెలలు కాదు, కొన్నేళ్లు లోతుగా చదవనివ్వండి.

అన్నింటినీ డాకర్ కంటైనర్‌లో, అంటే ప్రోగ్రామ్‌ను దానికి కావలసినవాటితో కలిపి కట్టే పెట్టెలో, పెట్టేస్తే సరిపోతుంది కదా అని కొందరు మీతో అనవచ్చు. సర్వర్ మీద నడిచే సాఫ్ట్‌వేర్‌కు ఆ మాట చాలావరకు నిజం. కాని విండోస్‌లో గాని, మాక్‌లో గాని లినక్స్ కంటైనర్ నడవాలంటే వెనుక ఒక లినక్స్ వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటర్ లోపల నడిచే మరో నకిలీ కంప్యూటర్, ఉండాలి. వాడేవారి ఫోల్డర్లలోని ఫైళ్లను చదివి, వారి టెర్మినల్‌లో జవాబు చెప్పవలసిన చిన్న పనిముట్టుకు అంత సరంజామా ఎందుకు? ఈ కోడ్‌ను కృత్రిమ మేధే రాసిపెడుతుందని ఇంకొందరు అంటారు. రాస్తుంది, కొన్నిసార్లు బాగానే రాస్తుంది. రాసింది మూడు చోట్లా నడిపి చూసి, నడవని చోట ఎందుకు నడవలేదో తేల్చే మనిషి అవసరం దానివల్ల తగ్గలేదు.

ఇప్పుడు మీతో కొంచెం కఠినంగా మాట్లాడతాను. కోర్సు ఎన్ని నెలలో రాశారు, తోటివారు ఏం చేస్తున్నారో రాశారు, మీ అమ్మాయి ఇన్ని వారాలు కష్టపడుతున్న ఆ ప్రోగ్రామ్ దేనికి పనికొస్తుందో మాత్రం రాయలేదు. బహుశా మీరు అడిగి ఉండరు. ఇరవై ఏళ్ల పిల్ల ఎవరూ చెప్పకుండానే ఒక కష్టమైన పనిని ఎంచుకుని, అది తేలేదాకా వదలకుండా కూర్చుంటే, మాన్పించడం ఎలాగని మొదట ఆలోచించడం న్యాయం కాదు. ఆమె చదువు విషయంలో ఆందోళన పడే హక్కు మీకుంది. ఏమీ తెలుసుకోకుండా తీర్పు చెప్పే హక్కు మాత్రం లేదు.

అలాగని ఆమె దారిలో లోటుపాట్లు లేవని అనను. ఈ పనికి నేరుగా కొత్తవారిని తీసుకునే పోస్టులు తక్కువ. కాబట్టి మొదటి ఉద్యోగం మామూలు సాఫ్ట్‌వేర్ పోస్టుగానే రావచ్చు, అందుకు అందరూ రాసే పరీక్షలకు ఆమె కూడా సిద్ధపడాలి. చేసిన మార్పులు తన కంప్యూటర్‌లోనే ఉండిపోకుండా ఆ ప్రాజెక్టు నిర్వాహకులు పరిశీలించి స్వీకరించేలా పంపాలి, ఎందుకంటే ఇంటర్వ్యూలో చూపించగల సాక్ష్యం అదే. ప్రతి మార్పునూ మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద తనంతట తానే పరీక్షించే ఏర్పాటు చేయమనండి. ఎవరైనా చూడగల ప్రాజెక్టులకు కోడ్‌ను ఉంచే గిట్‌హబ్ వెబ్‌సైట్‌లోని యాక్షన్స్ అనే సేవ లినక్స్, విండోస్, మాక్ యంత్రాలను ఉచితంగానే ఇస్తోంది. ఫైలు చెరగని ఆ తప్పు ఎలా బయటపడింది, మొదట ఏ కారణాన్ని అనుమానించింది, చివరికి అసలు కారణం ఏదని తేలింది, ఇవన్నీ రెండు పేజీల్లో రాసి పెట్టుకుంటే, ఏ సర్టిఫికెట్టుకన్నా ఆ రెండు పేజీలే ఇంటర్వ్యూ చేసేవారిని ఎక్కువసేపు మాట్లాడిస్తాయి.

కోర్సు ఫీజు కట్టేముందు మీరొక పని చేయండి. మీరు వాడేది విండోస్ కంప్యూటరైతే, ఆ ప్రోగ్రామ్‌ను ఆమె సాయం లేకుండా, కేవలం అందులో రాసి ఉన్న సూచనలు చదివి, మీరే ఎక్కించుకోండి. పేరు తెలుగు లిపిలో ఉండి, మధ్యలో ఒక ఖాళీ కూడా ఉన్న ఫోల్డరు ఒకటి తయారుచేసి, దానిలోని ఫైళ్ల మీద నడిపి చూడండి. విండోస్‌లో పాత ప్రోగ్రామ్‌లు మామూలుగా వాడే కోడ్ పేజీల్లో, అంటే అక్షరాల పట్టికల్లో, తెలుగుకు చోటు లేదు కాబట్టి, అన్ని లిపులకూ చోటిచ్చే యూనికోడ్‌ను పట్టించుకోని ప్రోగ్రామ్ అయితే ఆ పేరు స్థానంలో ప్రశ్నార్థకాలు కనిపించవచ్చు, లేదా ఫోల్డరే లేదని అది అనవచ్చు. ఏ సందేశం వచ్చినా అక్షరం పొల్లుపోకుండా ఆమెకు పంపి, ఎందుకిలా వచ్చిందో చెప్పమని అడగండి. ఆమె చెప్పే సమాధానం విన్నాక కోర్సు సంగతి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.