7 కేజీల క్యాబిన్ పరిమితికి 45 లీటర్ల బ్యాగ్ ఎందుకు? ఖాళీ బరువు చూసి కొనండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. హైదరాబాద్ నుంచి వియత్నాం పది రోజుల ప్రయాణం, అక్కడ లోపల ఇంకో రెండు విమానాలు, వెంట లాప్‌టాప్. చెక్-ఇన్ లగేజ్ లేకుండా ఒక్క బ్యాక్‌ప్యాక్‌తో వెళ్లిరావాలి. యూట్యూబ్‌లో అందరూ 40, 45 లీటర్ల బ్యాగే కొనమంటున్నారు కాబట్టి అదే తీసుకోవచ్చా అని అడిగారు.

తీసుకోవద్దు. 28 నుంచి 32 లీటర్ల మధ్య, ఖాళీగా 1.2 కేజీలు దాటని బ్యాగ్ వెతకండి.

ఆ వీడియోల్లో చాలావరకు అమెరికావాళ్లు చేసినవి. అక్కడ యునైటెడ్, డెల్టా, అమెరికన్ లాంటి పెద్ద ఎయిర్‌లైన్స్ క్యాబిన్ బ్యాగ్ సైజు చూస్తాయి (22×14×9 అంగుళాలు), సాధారణంగా తూకం వెయ్యవు. అందుకే ఆ కొలతల్లో ఎంత ఎక్కువ పడితే అంత మంచిదని వాళ్లు అనుకోవడంలో తప్పు లేదు. మన దగ్గర లెక్క వేరు. ఇండిగోలో 7 కేజీలు, పొడవు వెడల్పు మందం కలిపి 115 సెంటీమీటర్లు. వియట్‌జెట్‌లోనూ 7 కేజీలే. ఎయిర్‌ఏషియాలో అయితే పెద్ద బ్యాగ్, చిన్న బ్యాగ్ రెండూ కలిపి 7 కేజీలు. ఖతార్ ఎయిర్‌వేస్ ఎకానమీలో 7 కేజీలతో పాటు బ్యాగ్ ఎత్తు 50 సెంటీమీటర్లకు మించకూడదు. అంటే మనకు చోటు కంటే ముందు బరువు అయిపోతుంది. ఒక లాప్‌టాప్, మామూలు బట్టలు కలిపి 7 కేజీలు సర్దితే 25 లీటర్లు నిండడమే గొప్ప. మిగతా 20 లీటర్ల ఖాళీని మోయడానికి బ్యాగ్ బరువు రూపంలో మీరే కడుతుంటారు. పైగా ఖాళీ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు, ఇంకో జత బట్టలు పడతాయి.

లెక్క వేసి చూపిస్తాను. బ్యాగ్ 1,100 గ్రాములు. లాప్‌టాప్ 1,300, చిన్న 65 వాట్ల గాన్ (GaN, చిన్నగా తేలికగా ఉండే రకం) ఛార్జర్ 200. టీషర్టులో, పల్చటి చొక్కాలో నాలుగు, ఒక్కోటి 180 చొప్పున 720. తేలికపాటి ప్యాంటు 350, షార్ట్స్ 200. లోదుస్తులు ఐదు జతలు 300, సాక్సులు మూడు జతలు 120. లుంగీ 250, తుండు 130, పల్చటి వాన జాకెట్ 250. సబ్బు, బ్రష్షు, షేవింగ్ సామాను 450. పదివేల ఎంఏహెచ్ పవర్ బ్యాంక్, కేబుళ్లు కలిపి 320. చెప్పులు 350. మందులు, కాగితాలు 250. మొత్తం 6,290 గ్రాములు. ఇంకా 700 గ్రాములు చేతిలో ఉన్నాయి.

ఇప్పుడు ఇదే సామాను పీక్ డిజైన్ 45 లీటర్ల ట్రావెల్ బ్యాగ్‌లో పెట్టండి. ఆ బ్యాగ్ ఖాళీగానే రెండు కేజీల పైన ఉంటుంది. కుట్టు, గుడ్డ, జిప్పులు అన్నీ గొప్పగా ఉంటాయి, కానీ మొత్తం 7,240 అయిపోయింది. ఒక్క గుడ్డ ముక్క అదనంగా పెట్టకుండానే కౌంటర్ దగ్గర పట్టుబడతారు. అందరూ మెచ్చుకునే ఆస్ప్రే ఫార్‌పాయింట్ 40 కూడా ఒకటిన్నర కేజీల పైమాటే. దాని నడుము పట్టీ, లోపలి ఫ్రేమ్ పది పన్నెండు కేజీలు మోసేవాళ్లకు నిజంగా సుఖాన్నిస్తాయి. ఏడు కేజీలకు ఆ ఏర్పాటంతా అవసరం లేదు.

పై జాబితాలో తుండు గురించి ఒక మాట. ట్రావెల్ కోసమని మైక్రోఫైబర్ టవల్ కొనక్కర్లేదు. చేనేత తుండు 120–150 గ్రాములే ఉంటుంది, ఫ్యాన్ కింద రెండు మూడు గంటల్లో ఆరిపోతుంది, తడి వాసన పట్టదు. టర్కీ టవల్ అయితే అరకేజీ. జీన్స్ కూడా 600–700 గ్రాములు తూగుతుంది, తప్పనిసరైతే ఒంటి మీద వేసుకుని వెళ్లండి. బూట్లదీ అదే పద్ధతి: బరువైనవి కాళ్లకు, తేలికవి బ్యాగ్‌లోకి. ఆడవాళ్లు చీర పెట్టుకుంటే నూలు చీర 400–600 గ్రాములు, పట్టుచీర ముప్పావు కేజీ నుంచి కేజీ దాకా లాగుతుంది, ముందే లెక్కలో వేసుకోండి.

ప్యాకింగ్ క్యూబ్‌ల (బట్టలు విడివిడిగా సర్దుకునే జిప్ సంచులు) గురించి చాలామంది పొరపడతారు. కంప్రెషన్ క్యూబ్ గాలిని నొక్కుతుంది, బరువును నొక్కదు. నాలుగు క్యూబ్‌లు కొంటే వాటి బరువే 250–400 గ్రాములు. ఒకటి రెండు పల్చటివి చాలు. ఉతికినవి ఒకదాంట్లో, విడిచినవి ఒక మామూలు గుడ్డ సంచిలో వేసుకోవచ్చు.

కొలతల దగ్గర అసలు చిక్కు మందంతో వస్తుంది. కంపెనీ 22 సెంటీమీటర్లని రాస్తుంది, అది ముందు జేబు ఖాళీగా ఉన్నప్పటి మాట. ఆ జేబులో ఛార్జర్, జాకెట్ దూర్చి, పక్క జేబులో నీళ్ల సీసా పెడితే ఉబ్బి 28–30 అవుతుంది. ఎయిర్‌పోర్ట్‌లో పెట్టే కొలత చట్రంలో బ్యాగ్ ఇరుక్కునేది దాదాపు ఎప్పుడూ ఈ వైపే. కాబట్టి ఇంట్లో సామాను మొత్తం సర్ది, బ్యాగ్ వీపు వైపు గోడకు ఆనించి నిలబెట్టండి. ముందు వైపు ఒక అట్టనో పుస్తకాన్నో నిలువుగా తాకించి, గోడకూ అట్టకూ మధ్య దూరం టేపుతో కొలవండి. పట్టీలు, హ్యాండిల్ కూడా కొలతలోకే వస్తాయి. 50×30×20 కొలతల బ్యాగ్ అంటే లెక్కకు సరిగ్గా 30 లీటర్లు. ఈ సైజు పైన చెప్పిన ఎయిర్‌లైన్స్ అన్నిటిలోనూ నిశ్చింతగా పడుతుంది. లీటర్ల అంకెను మాత్రం పూర్తిగా నమ్మకండి. కొన్ని కంపెనీలు బయటి జేబుల్ని కూడా కలిపి చెబుతాయి, కొన్ని లోపలి అరనే లెక్కిస్తాయి.

ఎత్తు ఐదడుగుల మూడంగుళాల లోపు ఉన్నవాళ్లు 55 సెంటీమీటర్ల బ్యాగ్ కొనేముందు తగిలించుకుని చూడాలి. తల వంచినప్పుడు మెడ వెనక పొడుచుకు వచ్చే ఎముక నుంచి, నడుముకు రెండు పక్కలా చేతికి తగిలే తుంటి ఎముక పైఅంచు దాకా వెన్ను పొడవు కొలవండి. అది 42–43 సెంటీమీటర్ల కంటే తక్కువైతే పొడుగు బ్యాగ్ అడుగు భాగం పిరుదుల మీదకి దిగి, మెట్లెక్కేటప్పుడు తగులుతుంది. 48–50 ఎత్తు బ్యాగ్ వాళ్లకు చక్కగా కూర్చుంటుంది.

తెరుచుకునే తీరు చూడండి. పై నుంచి మాత్రమే తెరుచుకునే ట్రెకింగ్ బ్యాగ్ హోటల్ గదిలో విసుగు పుట్టిస్తుంది, అడుగున ఉన్న సాక్సు కోసం అంతా బయటికి తియ్యాలి. సూట్‌కేసులా మూడు వైపులా జిప్ తిరిగి పుస్తకంలా పరుచుకునేది తీసుకోండి. కాకపోతే ఆ జిప్ మీదే బ్యాగ్ ఆయుష్షు ఆధారపడి ఉంటుంది. జిప్ మూల దగ్గర నైంటీ డిగ్రీల్లో టక్కున తిరిగితే రన్నర్, అంటే జిప్ మీద జరిగే ముక్క, అక్కడే అరుగుతుంది, మూలలు గుండ్రంగా ఉండాలి. ప్రధాన జిప్‌కు 8 లేదా 10 నంబర్, చిన్న జేబులకు 5 నంబర్ సరిపోతుంది. ఈ నంబర్ చాలాసార్లు రన్నర్ వెనక వైపు అచ్చు వేసి ఉంటుంది, తిప్పి చూడండి. వైకేకే (పేరున్న జిప్ కంపెనీ) అని ఉంటే మంచిదే, కానీ ఆ పేరు చూసి నంబర్ చూడడం మానొద్దు.

జిప్ మూసినా వెనక నుంచి విచ్చుకుంటుంటే పళ్లు పోయాయని బ్యాగ్ పారెయ్యకండి. ఎక్కువసార్లు పోయేది రన్నరే. అది వదులై పళ్లను దగ్గరికి నొక్కలేకపోతుంది. కటింగ్ ప్లేయర్‌తో రన్నర్ రెండు పక్కలా కొంచెం కొంచెంగా నొక్కితే తాత్కాలికంగా పనిచేస్తుంది. గట్టిగా నొక్కితే విరుగుతుంది. ఊరు చేరాక బ్యాగులు కుట్టేవాళ్ల దగ్గర అదే నంబర్ రన్నర్ మార్పించుకుంటే మళ్లీ కొత్తదానిలా నడుస్తుంది.

లాప్‌టాప్ అర వీపుకు ఆనుకుని ఉండాలి. కొన్ని బ్యాగుల్లో దాన్ని ముందు మూత వైపు పెడతారు. అప్పుడు అన్నిటికన్నా బరువైన వస్తువు వీపుకు దూరంగా వేలాడి, భుజాల్ని వెనక్కి గుంజుతుంది. ఏడు కేజీలు తొమ్మిదిలా అనిపించేది అందుకే. ఇంకో పరీక్ష: లాప్‌టాప్ అరలో చెయ్యి అడుగు దాకా పెట్టి చూడండి. ఆ అర కింది అంచు, బ్యాగ్ అడుగు ఒకటే అయితే కుదరదు. మధ్యలో రెండు మూడు సెంటీమీటర్ల ఎడం ఉండాలి, లేకపోతే బ్యాగ్ నేల మీద పెట్టిన ప్రతిసారీ లాప్‌టాప్ మూలకు దెబ్బ. సెక్యూరిటీ దగ్గర చాలా చోట్ల లాప్‌టాప్ తీసి ట్రేలో పెట్టమంటారు కాబట్టి పెద్ద అర తెరవకుండానే అది బయటికి రావాలి.

పవర్ బ్యాంక్‌కు పైన, చెయ్యి పెడితే అందే చిన్న జేబు తప్పనిసరి. గేటు దగ్గర మీ బ్యాగ్ తీసుకుని కింద లగేజ్‌లో వేస్తామంటే ముందు దాన్ని బయటికి తియ్యాలి, చెక్-ఇన్‌లోకి పవర్ బ్యాంక్ వెళ్లకూడదు. అనుమతి అడగక్కర్లేని హద్దు 100 వాట్-అవర్లు. ఎంఏహెచ్‌ను 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే వాట్-అవర్లు వస్తాయి: 20,000 అయితే 74. దాని మీది అంకెలు చెరిగిపోతే మార్చెయ్యండి, చదవడానికి వీల్లేనిదాన్ని సెక్యూరిటీలో ఆపేయవచ్చు.

నడుము పట్టీ విషయంలో నాది గట్టి అభిప్రాయం. ఏడు కేజీలకు మెత్త కుట్టిన పెద్ద పట్టీ అనవసరం, దానికే రెండు మూడు వందల గ్రాములు పోతాయి. ఊడదీసుకునే సన్నని పట్టీ ఉంటే చాలు. ఛాతీ పట్టీ మాత్రం ఉండాలి, అది పైకీ కిందకీ జరగాలి. ముఖ్యంగా ఆడవాళ్లకు ఒకేచోట కుట్టేసిన పట్టీ చాలా ఇబ్బంది. భుజం పట్టీలు బ్యాగ్‌కు కలిసే చోట కుట్టు చూడండి. అక్కడ దగ్గరదగ్గరగా అడ్డంగా వేసిన గట్టి కుట్టు, అంటే బార్‌ట్యాక్, కనిపించాలి. మామూలు ఒంటి వరస కుట్టు ఉంటే ఆ బ్యాగ్ ఎంత చవకైనా వదిలెయ్యండి, ముందుగా తెగేది అక్కడే.

గుడ్డ గురించి డెనియర్ (దారం ఎంత మందమో చెప్పే కొలత) అంకెలు చూసి భయపడొద్దు. 210 నుంచి 420 డెనియర్ నైలాన్ ఈ బరువుకు చాలు. 1680 డెనియర్ బాలిస్టిక్ గుడ్డ మొండిది, కానీ బరువు. మన వాతావరణంలో ముందు చెడేది లోపలి పీయూ పూత, అంటే నీళ్లు దిగకుండా వేసే పాలీయురిథేన్ పొర. కోస్తాలో గాలి తేమకు, వానాకాలంలో తడిగానే అటక మీద పడేసినందుకు, ఆ పూత జిగటగా మారి వాసన వేసి, పొట్టులా రాలుతుంది. వచ్చాక ఒక రోజు నీడలో ఆరబెట్టి, ప్లాస్టిక్ కవర్‌లో బిగించకుండా గాలి తగిలేచోట పెట్టండి. వాషింగ్ మెషీన్లో వెయ్యకండి, వేడినీళ్లు కూడా వద్దు. వాన కోసం రెయిన్ కవర్ కంటే లోపల ఒక పెద్ద మందపాటి పాలిథిన్ సంచి వేసి అందులో బట్టలు సర్దడం మేలు. రెయిన్ కవర్ వీపు వైపు మూయదు, నీళ్లు పట్టీల వెంబడి అక్కడి నుంచే దిగుతాయి.

కొన్నాక ట్యాగులు తెంపకుండా ఇంట్లో ఒక పరీక్ష పెట్టండి. ఐదు కేజీల బియ్యం ప్యాకెట్‌ను తువ్వాలులో చుట్టి వీపు వైపు నిలబెట్టి, ముందు వైపు బట్టలు కుక్కి, వేలాడదీసే లగేజ్ స్కేల్‌తో ఏడు కేజీలు తూచండి. తగిలించుకుని ఇరవై నిమిషాలు నడవండి, రెండు అంతస్తులు ఎక్కి దిగండి. మెడ పక్కన ఒరిసినా, పట్టీ అంచు చంకలో కోసినా, వెనక్కి లాగినట్టున్నా వాపసు ఇచ్చెయ్యండి. అది వాడగా వాడగా సర్దుకోదు. డెకాథ్లాన్ లాంటి పెద్ద షాపుల్లో అయితే కొనకముందే బరువు పెట్టి తిరగొచ్చు. ఆన్‌లైన్‌లో కొనేటట్టయితే జాబితాలో రాసిన బరువు, కొలతలు బ్యాగ్‌వా, డబ్బావా అని చూసుకోండి. డబ్బా కొలతలు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు.

పచ్చడి సంగతి కూడా చెప్పాలి, ఎలాగూ అడుగుతారు. అంతర్జాతీయ ప్రయాణంలో ఆవకాయ, నెయ్యి ద్రవాల కిందే లెక్క. ఒక్కో డబ్బా 100 మిల్లీలీటర్ల లోపు ఉండాలి, అన్నీ కలిపి ఒక లీటర్ సంచిలో పట్టాలి. క్యాబిన్ బ్యాగ్ ఒక్కటే అనుకుంటే పొడులు కొద్దిగా మాత్రమే తీసుకుని, మీతో వస్తూ చెక్-ఇన్ కొనుక్కున్న మీవాళ్ల బ్యాగ్‌లో వెయ్యండి. కారప్పొడి క్యాబిన్‌లోకి తీసుకెళ్లడానికి చూడకండి. ఎండు కొబ్బరి ఎందులోనూ వద్దు, నూనె వల్ల మండే సరుకు కింద ఆపేస్తారు.

వియత్నాం నుంచి కాఫీ తెచ్చుకోకుండా ఎవరూ రారు, రెండు ప్యాకెట్లకే ఆ 700 గ్రాములు దాటిపోతాయి. అలాంటి ఆలోచన ఉంటే తిరుగు టికెట్‌కు మాత్రం చెక్-ఇన్ బరువు ముందే ఆన్‌లైన్‌లో కొని పెట్టుకోండి. ఎయిర్‌పోర్ట్ కౌంటర్ దగ్గర అదే బరువుకు చాలా ఎక్కువ కట్టించుకుంటారు. మడిచి పెట్టుకునే గుడ్డ సంచి ఒకటి, వంద గ్రాములది, బ్యాగ్ అడుగున వేసుకెళ్తే కొన్నవి అందులో వేసి చెక్-ఇన్‌లో పడెయ్యొచ్చు. లాప్‌టాప్, పవర్ బ్యాంక్, మందులు మీ వీపు మీదే ఉంటాయి.