కాలమ్‌స్టోర్ పెట్టాక రిపోర్టు ఇంకా నెమ్మదించిందా? ముందు రో గ్రూపులు చూడండి

మీ సమస్య నాకు అర్థమైనంతలో ఇదీ: ఎస్‌క్యూఎల్ సర్వర్ 2017లో సేల్స్ టేబుల్‌కి క్లస్టర్డ్ కాలమ్‌స్టోర్ ఇండెక్స్ (డేటాని రికార్డుల వారీగా కాక కాలమ్‌ల వారీగా కుదించి దాచే పద్ధతి) పెట్టారు, రోజుకో పార్టిషన్ (టేబుల్‌లో తేదీ వారీ విభాగం), పది నిమిషాలకోసారి లోడ్. టేబుల్ సైజు పెద్దగా తగ్గలేదు, నెలవారీ రిపోర్టు మాత్రం మునుపటికన్నా ఆలస్యం అవుతోంది. క్వెరీ ఎలా మార్చాలి అని అడిగారు.

క్వెరీ జోలికి ఇప్పుడే పోకండి. ఒక రిటైల్ క్లయింట్ దగ్గర అచ్చం ఇలాంటి టేబుల్‌తోనే మా టీమ్ చాలా తంటాలు పడింది. అక్కడ చిక్కంతా డేటా లోపలికి వచ్చే తీరులో ఉంది, మీరు రాసింది చూస్తే మీ దగ్గరా అదే అని గట్టిగా అనిపిస్తోంది.

ముందుగా సిస్.డిఎం_డిబి_కాలమ్_స్టోర్_రో_గ్రూప్_ఫిజికల్_స్టాట్స్ అనే వ్యూని మీ టేబుల్ ఆబ్జెక్ట్ ఐడీతో చూడండి. పార్టిషన్ నంబర్ పక్కన స్టేట్, టోటల్ రోస్, డిలీటెడ్ రోస్, ట్రిమ్ రీజన్ (గ్రూప్ పూర్తిగా నిండకముందే ఎందుకు ఆగిందో చెప్పేది) పెట్టుకుంటే చాలు. మాకు కనిపించింది ఏంటంటే, ప్రతి పార్టిషన్‌లో ఒకే ఒక్క రో గ్రూప్ (కలిపి ఒకేసారి కుదించే రికార్డుల కట్ట), దాని ఎదురుగా స్టేట్ ఓపెన్, అంటే ఇంకా నిండలేదు, కంప్రెస్ కాలేదు, టోటల్ రోస్ రెండు లక్షలో మూడు లక్షలో. నెలల కిందటి తేదీలవి కూడా ఓపెన్‌లోనే ఉన్నాయి, కంప్రెస్డ్ అనే మాట కోసం కిందికి స్క్రోల్ చేసి వెతుక్కోవాల్సి వచ్చింది.

ఎందుకంటే ఒక రో గ్రూప్‌లో గరిష్ఠంగా 10,48,576 రికార్డులు పడతాయి. బల్క్ లోడ్‌లో ఒకే విడతగా ఒక పార్టిషన్‌లోకి కనీసం 1,02,400 వస్తేనే అవి నేరుగా కంప్రెస్ అవుతాయి, అంతకు ఒక్కటి తగ్గినా డెల్టా స్టోర్ అనే తాత్కాలిక చోటులోకి పోతాయి, అదేమో రికార్డుల వారీగా దాచే మామూలు బి-ట్రీ. ఆ డెల్టా పూర్తిగా నిండి క్లోజ్డ్ అయ్యాకే టపుల్ మూవర్ అనే సర్వర్ లోపలి పని వచ్చి దాన్ని కంప్రెస్ చేస్తుంది. ఒక పార్టిషన్ రో గ్రూప్‌లో ఇంకో పార్టిషన్ రికార్డులు చేరవు, కాబట్టి రోజుకి మూడు లక్షలు వచ్చే పార్టిషన్ ఏనాటికీ నిండదు. అంటే మీది పేరుకే కాలమ్‌స్టోర్, లోపలున్నదంతా రో స్టోర్. 2019 వెర్షన్ నుంచి ఇలా చాలాకాలం ఓపెన్‌లో ఉండిపోయిన చిన్న గ్రూపుల్ని కంప్రెస్ చేసే బ్యాక్‌గ్రౌండ్ పని ఒకటి వచ్చింది గానీ 2017లో అది లేదు.

ఇవాళే చేయగలిగింది ఆల్టర్ ఇండెక్స్ రీఆర్గనైజ్ కమాండ్, దాంతో పాటు కంప్రెస్_ఆల్_రో_గ్రూప్స్ = ఆన్. ఇది ఆన్‌లైన్‌లోనే, అంటే టేబుల్ వాడకం ఆపకుండానే నడుస్తుంది, టెన్షన్ అక్కర్లేదు, అయినా పాత పార్టిషన్లతో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా చేసుకుంటూ రండి. మా టేబుల్ సైజు ఒక్కసారిగా దిగింది ఇక్కడే.

కానీ లోడ్ మార్చకపోతే రేపటి నుంచి మళ్లీ అదే కథ. రోజువారీ పార్టిషన్లు తీసేసి నెలవారీకి మారండి. పది నిమిషాల లోడ్‌ని మామూలు స్టేజింగ్ టేబుల్‌లోకి (డేటాని తాత్కాలికంగా ఉంచే టేబుల్) పంపి, రాత్రి అక్కడినుంచి ఒకే ఇన్సర్ట్‌తో పెద్ద టేబుల్‌లోకి తోయండి. ఇవాళ్టి అమ్మకాలు కూడా రిపోర్టులో కావాలంటే రెండు టేబుల్స్ మీదా యూనియన్ ఆల్‌తో ఒక వ్యూ పెడితే సరిపోతుంది.

డిలీటెడ్ రోస్ కూడా గమనించండి. కాలమ్‌స్టోర్‌లో కంప్రెస్ అయిన రికార్డుని అప్‌డేట్ చేస్తే పాతదానికి డిలీట్ గుర్తు పడుతుంది, కొత్తది డెల్టాలో చేరుతుంది. ఆర్డర్ స్టేటస్ లాంటివి రోజంతా మారుతుంటే ఆ మార్పులన్నీ స్టేజింగ్‌లోనే తేలిపోనివ్వండి, ఆ తర్వాతే లోపలికి తీసుకోండి. ఒక గ్రూప్‌లో పది శాతమో అంతకన్నా ఎక్కువో డిలీట్ అయి ఉంటే రీఆర్గనైజ్ వాటిని నిజంగా తీసేస్తుంది.

ఇదంతా అయ్యాక కూడా రిపోర్టు నెమ్మదిగానే ఉంటే అప్పుడు క్వెరీ దగ్గరికి రండి. సెట్ స్టాటిస్టిక్స్ ఐఓ ఆన్ చేసి నడిపితే మెసేజెస్‌లో సెగ్మెంట్ రీడ్స్, సెగ్మెంట్ స్కిప్డ్ అని రెండు అంకెలు వస్తాయి (సెగ్మెంట్ అంటే ఒక రో గ్రూప్‌లో ఒక కాలమ్ డేటా), చదివినవి ఎన్ని, చదవకుండా వదిలేసినవి ఎన్ని అని. ఒక నెల రిపోర్టుకి స్కిప్డ్ సున్నా దగ్గరే ఉంటే, ప్రతి సెగ్మెంట్‌కీ ఉండే కనిష్ఠ గరిష్ఠ విలువలు మీకు పనికిరావడం లేదన్నమాట. వేర్ క్లాజ్‌లో బిల్ తేదీ మీద ఇయర్, మంత్ ఫంక్షన్లు వాడితే ఇలాగే అవుతుంది, ఈ తేదీ నుంచి ఆ తేదీ వరకు అని నేరుగా రాయండి. తేదీని వర్‌చార్ అనే టెక్స్ట్ రకంలో దాచి ఉంటే మాత్రం డేట్‌కి మార్చక తప్పదు, స్ట్రింగ్ కాలమ్స్‌కి ఇలా అక్కర్లేని సెగ్మెంట్లని వదిలేసే సెగ్మెంట్ ఎలిమినేషన్ వచ్చింది 2022 వెర్షన్‌లోనే. పాత డేటా తేదీల వరుస లేకుండా కలిసిపోయి ఉంటే, ముందు బిల్ తేదీ మీద మామూలు క్లస్టర్డ్ ఇండెక్స్ కట్టి, దాని మీద డ్రాప్_ఎగ్జిస్టింగ్ = ఆన్, మాక్స్‌డాప్ = 1తో కాలమ్‌స్టోర్ కట్టండి. ఒకే థ్రెడ్ కాబట్టి టైమ్ పడుతుంది, కానీ వరుస చెడదు.

ట్రిమ్ రీజన్‌లో డిక్షనరీ_సైజ్ అని కనిపిస్తే రిమార్క్స్ లాంటి పొడవాటి టెక్స్ట్ కాలమ్ ఏదో 16 ఎంబీ డిక్షనరీని (ఆ కాలమ్‌లోని వేర్వేరు విలువల పట్టిక) నింపేస్తోందని అర్థం, ఆ కాలమ్‌ని వేరే టేబుల్‌కి తరలించండి. మెమరీ_లిమిటేషన్ అని ఉంటే ఇండెక్స్ కట్టేటప్పుడు మెమరీ చాలలేదు, సర్వర్ మీద వేరే పనులు లేని టైమ్ చూసి మళ్లీ కట్టండి.