రెండు రోజుల దీవి గురించి రాయడం

చెన్నై

చిరంజీవికి ఆశీస్సులు.

సింగపూరు నుంచి నువ్వు పంపిన, ఇండోనేషియాలోని బింటాన్ దీవి మీద వ్యాసం రెండుసార్లు చదివాను. నీకు చూసే కన్ను ఉందమ్మా. కాకపోతే ఆ కన్ను దీవి మీదే పెట్టేసి, నీతోపాటు వచ్చిన నలుగురినీ వదిలేశావు.

మొదటి సగమంతా నీలిసముద్రం, తెల్లటి ఇసుక, కొబ్బరిచెట్లు. నిన్ను చదవబోయేది పెరంబూరులో, కొరుక్కుపేటలో, విల్లివాక్కంలో ఉండే తెలుగువాళ్లు. మెరీనా చూస్తూ పెరిగిన వాళ్లకు అలల గురించి నువ్వు కొత్తగా చెప్పేదేం ఉంటుంది? వాళ్లెరగనిది మీ ఐదుగురి సంగతి. దేశం కాని దేశంలో ఉద్యోగం చేసుకుంటూ, శనివారం పొద్దున తానా మేరా రేవులో ఫెర్రీ ఎక్కి, గంటలో ఇంకో దేశంలో దిగి, ఆదివారం సాయంత్రానికి మళ్లీ గూటికి చేరే బతుకు. రాయాల్సింది అదీ.

అది ఎక్కడ కనబడుతుందంటే, బింటాన్‌లో మీరు దిగిన బందర్ బెంతాన్ తెలానీ రేవులో, పాస్‌పోర్టు చూసే చోట. మీలో ఇద్దరు సింగపూరు పౌరులని ఒక్క వాక్యంలో చెప్పి దాటేశావు. వాళ్లకు ఇండోనేషియా వీసా అక్కర్లేదు. సింగపూరు ఉద్యోగ అనుమతి (వర్క్ పాస్) మీద ఉంటున్న మీ ముగ్గురూ భారత పాస్‌పోర్టుతో ఐదు లక్షల రుపియాలు (అక్కడి డబ్బు) కట్టి వీసా తీసుకోవాల్సి వచ్చింది. ఒకే ఆఫీసు, ఒకే ఫెర్రీ, ఒకే ధర టికెట్లు. ఒడ్డు దిగగానే స్నేహితులు రెండు వరసలయ్యారు. ముందు బయటపడ్డవాళ్లు సామాను కాచుకుంటూ నిలబడ్డప్పుడు ఎవరు ఏమన్నారు? ఎవరు ఏమీ అనలేదు? నీ వ్యాసం అక్కడ మొదలవ్వాలి. ఇసుక, కొబ్బరిచెట్లు తర్వాత వచ్చినా ఫరవాలేదు, రాకపోయినా ఫరవాలేదు. ఐదు లక్షలంటే ఇక్కడివాళ్లు గుండె పట్టుకుంటారు గనుక, మన డబ్బులో మూడు వేల లోపేనని ఆ వాక్యంలోనే చెప్పెయ్యి. మారకం రేటు రోజూ మారుతుంది, ప్రయాణం ఏ నెలలోనో కూడా రాయి.

డబ్బు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకో మాట. గదికి ఎవరు ముందు కట్టారు, తలా ఎంత పడింది, చేపలు తినని అమ్మాయి దగ్గర చేపల బిల్లులో వాటా తీసుకున్నారా లేదా, ఇవన్నీ రాయదగ్గవే. ఒక పేరా చాలు.

ఇప్పుడు తప్పులు. ట్రికోరా తీరంలో ఏడు గంటలకు సూర్యుడు సముద్రంలో మునిగాడని రాశావు. ట్రికోరా బింటాన్‌కు తూర్పు ఒడ్డు. అక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, వెనకాల నేల మీద అస్తమిస్తాడు. మెరీనాలోనూ అంతేనని చెన్నైలో చిన్నపిల్లకు కూడా తెలుసు, ఇట్టే పట్టేస్తారు. టైము కూడా తప్పే. బింటాన్ గడియారం సింగపూరు కంటే గంట వెనక. భూమధ్యరేఖకు అంత దగ్గర గనుక ఏడాది పొడుగునా అక్కడ ఆరు గంటల ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది. నీ ఫోను దానంతటదే టైము మార్చుకుని ఉంటుంది, కెమెరా మార్చుకోదు. నువ్వు కెమెరా ఫొటోల మీద ఉన్న టైము చూసి రాసినట్టున్నావు. ఈసారి ఒడ్డు దిగగానే రేవులోని గోడ గడియారాన్ని ఒక ఫొటో తియ్యి. ఇంటికొచ్చాక తేడా లెక్క కట్టుకోవచ్చు.

ఫెర్రీలో కూర్చుని నోట్సు రాసుకోవద్దు. కళ్లేమో కదలని కాగితాన్ని చూస్తుంటాయి, లోపలి చెవేమో ఒళ్లు ఊగుతోందని చెబుతుంది. ఆ రెండూ పొసగకే వాంతులు. కింది అంతస్తులో, మధ్యకో కాస్త వెనక్కో కూర్చో. ముందు భాగమే ఎక్కువ ఎగిరిపడుతుంది. దూరంగా సముద్రం అంచును చూస్తూ మాటలు విను. ఒడ్డున ఫోనులో రికార్డు చేస్తే గాలి హోరు తప్ప ఏమీ మిగలదు, గాలికి వీపు పెట్టి, ఫోనును తువ్వాలులో చుట్టి మాట్లాడాలి. తడి చేతులకు బాల్‌పెన్ను పనిచెయ్యదు, పెన్సిలు తీసుకెళ్లు. శనివారం రాత్రి పడుకునే ముందే రాసెయ్యి: ఎవరు ఏ మాట ఎలా అన్నారో అచ్చంగా, దేని ధర ఎంతో, ఏ వాసన వేసిందో. తిరుగు ఫెర్రీలో రాద్దామనుకుంటే అందరితోపాటు నువ్వూ నిద్రపోతావు.

భోజనాల పేరాలో తూటికూర వేపుడు శాకాహారమని ధైర్యంగా రాశావు. ఆ వైపు దాన్ని ఎక్కువగా ఎండు రొయ్యల ముద్ద వేసే వేయిస్తారు, సంబల్ అనే అక్కడి మిరప పచ్చడిలో కూడా చాలాచోట్ల అది ఉంటుంది. నీ మాట నమ్మి ఎవరైనా తింటారు. అడిగి తెలుసుకుని రాయి.

రాజేంద్ర చోళుడి 1025 నాటి దండయాత్ర మీద రెండు పేరాలున్నాయి, తీసెయ్యి. పెన్యెంగాత్ దీవి మసీదు ఉండనీ, మీరు బింటాన్‌లోని తాంజుంగ్ పినాంగ్ ఊరి నుంచి పడవెక్కి చూసొచ్చారు కదా. ఆ కట్టడం 1832 నాటిది. గచ్చులో కోడిగుడ్ల తెల్లసొన కలిపారన్నది అక్కడివాళ్లు చెప్పే మాట. మొదటిది నీ మాటగా రాయి, రెండోది వాళ్ల మాటగా.

వచ్చే నెల మలేషియాలోని టియోమన్ దీవి అంటున్నావు, నవంబరులో వద్దు. మనకు చెన్నైలో వానలు కురిపించే ఈశాన్య రుతుపవనాలే ఆ వైపు దక్షిణ చైనా సముద్రాన్ని రేపుతాయి. అక్కడికి వెళ్లే మెర్సింగ్ రేవు నుంచి ఫెర్రీలు చాలామటుకు ఆగిపోతాయి. దాని బదులు సింగపూరులోనే పులావ్ ఉబిన్ దీవికి వెళ్లు. చాంగీ పాయింట్ రేవులో పన్నెండు మంది పోగైతేనే పడవ కదులుతుంది. మీరు ఐదుగురు, ఇంకో ఏడుగురు కావాలి. వాళ్లకోసం ఎదురుచూసే ఆ కాసేపట్లో నీకు సగం వ్యాసం దొరుకుతుంది. దీవి తూర్పు కొసన చెక్ జావా అనే తీరం ఉంది. ప్రభుత్వం సముద్రాన్ని పూడ్చబోయి 2001 డిసెంబరులో వాయిదా వేసిన చోటు అదే. సముద్రపు గడ్డి, నక్షత్ర చేపలు నీళ్లు బాగా తీసినప్పుడే కనబడతాయి. ఆటుపోట్ల పట్టిక చూసుకుని బయల్దేరు. పోటు రోజుకు ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి శనివారం టైము ఆదివారానికి పనికిరాదు.

ఆఖరుగా నీ స్నేహితులు. ఆ నలుగురికీ వ్యాసం ముందే చదివి వినిపించు. ఎవరి జీతం, ఎవరి వీసా గొడవ, ఎవరి ప్రేమ బయటపడకూడదో వాళ్లే చెబుతారు. వద్దన్నది తీసెయ్యి, పేర్లు మార్చు. పన్నెండు వందల మాటలకు కుదించి, అందులో నాలుగు వందలు ఆ రెండు వరసలకు ఇచ్చి, నెలాఖరులోగా మళ్లీ పంపు.

ఇట్లు,
నీ మేలు కోరే పెద్దదిక్కు